మా నాన్న, పొగాకు బ్యారన్, నా పెల్లెట్ గ్రిల్

"ఏందిరా ఇదీ... అమెరికాలో కూడా బ్యారన్ పెట్టావా?"

మార్టూరు నుంచి డాలస్ వచ్చిన మూడో రోజు, మా పెరట్లో పెల్లెట్ గ్రిల్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి మా నాన్న అన్న మాట ఇది. అది కొని అప్పటికి ఎనిమిది నెలలు. వెయ్యి డాలర్ల పైమాటే. 500 డిగ్రీల దాకా వెళ్తుంది, పొగబెడుతుంది, కాలుస్తుంది, రొట్టె కూడా చేస్తుంది అని డబ్బా మీద రాసుంది. (కంపెనీ పేరు అనవసరం. తప్పు సగం నాదే, చదివిందల్లా నమ్మాను.) పొగ విషయంలో మాట నిలబెట్టుకుంది. కాల్చడం దగ్గరే తేలిపోయింది. ఆదివారం నలుగురు ఫ్రెండ్స్‌ని పిలిచి మటన్ చాప్స్ పెడితే, పావుగంట తర్వాత మూత తీసి చూస్తే బూడిద రంగులో, ఉడకబెట్టినట్టు, మీద ఒక్క ఎర్ర మచ్చ లేకుండా ఉన్నాయి. రుచి బాగానే ఉందన్నారు. మనవాళ్లు ఆ మాట ఏ గొంతుతో అంటారో మీకు తెలుసు కదా :-)

నాన్న గ్రిల్‌ని బ్యారన్ అన్నది వేళాకోళానికే. కానీ నాకు ఆ మాట బుర్రలో ఉండిపోయింది. వారం రోజులు పుస్తకాలు తిరగేసి, లెక్కలు వేసి చూస్తే తేలిందేమంటే, ఆయన అన్నది అక్షరాలా నిజం! నేను కొన్నది పొయ్యి కాదు, బ్యారనే. ఆ సంగతి కొనే ముందు తెలిసుంటే వేరే రకం కొనేవాణ్ణి. అందుకే ఇదంతా రాస్తున్నా. కొంచెం చరిత్ర, కొంచెం భౌతికశాస్త్రం, చివర్లో కొనేవాళ్లకి నాలుగు ముక్కలు.

బ్యారన్ సంగతి

మాది మార్టూరు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఊరు కదల్లేదు కానీ జిల్లాలు మూడు మారాయి. మా వైపు పత్తి, మిరప. ఒంగోలు, కందుకూరు వైపు పోతే పొగాకు. వర్జీనియా పొగాకుని వేడితో పండబెట్టే పద్ధతి గుంటూరు ప్రాంతంలోకి 1920ల్లో వచ్చింది. చీరాలలోని ఐఎల్‌టీడీ కంపెనీ పేరు వినని పాతతరం రైతు మా వైపు ఉండడు.

బ్యారన్ అంటే ఎత్తైన గోడల గది. పొయ్యి బయటి వైపు ఉంటుంది, కట్టె అక్కడ మండుతుంది. ఆ వేడి లావుపాటి రేకు గొట్టాల్లోంచి గది లోపలంతా తిరిగి, పొగ మాత్రం పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఆకుకి మంట తగలదు, పొగ తగలదు. వేడిగాలి ఒక్కటే తగుల్తుంది. మొదట వంద డిగ్రీల చుట్టుపక్కల ఉంచి ఆకుని పసుపు రంగుకి తెస్తారు. తర్వాత మెల్లగా పెంచుకుంటూ రెక్క ఎండబెడతారు, చివర్లో 160 దాకా తీసుకెళ్లి ఈనె ఎండబెడతారు. ఇవన్నీ ఫారెన్‌హీట్ డిగ్రీలు. గమ్మత్తు ఏంటంటే, దేశమంతా సెల్సియస్‌కి మారినా బ్యారన్ కాసే రైతు మాత్రం ఫారెన్‌హీట్‌లోనే మాట్లాడాడు. మా నాన్న చిన్నప్పుడు కందుకూరు దగ్గర వాళ్ల మేనమామ గారి బ్యారన్ దగ్గర రాత్రుళ్లు కాపలా పడుకునేవాడట. అందుకే అమెరికా వచ్చి నా గ్రిల్ మీటరు చూడగానే ఇక్కడి ఇంజనీర్ల కంటే ముందు ఆయనకే అంకెలు అర్థమయ్యాయి. "225 అంటే ఈనె కూడా మాడిపోతుంది కదరా!"

ఇప్పుడు పెల్లెట్ గ్రిల్ లోపల చూద్దాం. పక్కన ఒక తొట్టి. అందులో కలప పొట్టుని గట్టిగా నొక్కి చేసిన, పెన్సిలంత లావు గుళికలు. అడుగున ఒక మర (తిరుగుతూ గుళికల్ని ముందుకి నెట్టే స్క్రూ) వాటిని కొంచెం కొంచెంగా చిన్న ఇనప కుండలోకి తోస్తుంది. కరెంటు కడ్డీ ఎర్రగా కాలి వాటిని అంటిస్తుంది. ఒక చిన్న ఫ్యాను కొలిమి తిత్తిలాగా గాలి ఊదుతుంది. దాని మీద వెడల్పాటి రేకు అడ్డం ఉంటుంది. మంట ఆ రేకుని తాకి, వేడి పక్కలకి పోయి, గాలిగా మారి మాంసం చుట్టూ తిరుగుతుంది. అంటే మంట ఒకచోట, మాంసం ఒకచోట, మధ్యలో రేకు. పొగ ఒక్కటి లోపలికి వస్తుంది, మిగతాదంతా బ్యారనే కదూ?

పొట్టు పొయ్యి నుంచి గుళికల దాకా

ఈ గుళికలు కూడా మనకి మరీ కొత్తేం కాదు. గ్యాస్ ఊళ్లలోకి రాకముందు చాలా ఇళ్లల్లో, టీ కొట్లల్లో పొట్టు పొయ్యి ఉండేది గుర్తుందా? రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు గానీ ఊక గానీ పోసి, రోకలి లాంటిదానితో దిమ్మిస్ కొట్టినట్టు కూరి, సీసా మెల్లగా తిప్పుతూ పైకి లాగేస్తే మధ్యలో బొర్ర మిగిలేది. అడుగున పుల్ల అంటిస్తే గంటలకొద్దీ మండేది. పొట్టు వదులుగా ఉంటే భగ్గుమని అయిపోతుంది, లేదా రాజుకోక పొగలు కక్కుతుంది. గట్టిగా కూరితే పద్ధతిగా మండుతుంది. మా నాయనమ్మకి తెలిసిన ఈ సూత్రమే పెల్లెట్ల పరిశ్రమంతటికీ పునాది. తేడా అల్లా, మిల్లులో రోకలి బదులు యంత్రం నొక్కుతుంది. ఆ ఒత్తిడికి పుట్టే వేడికి కలపలో ఉండే లిగ్నిన్ మెత్తబడి జిగురులా పట్టుకుంటుంది. వదులు పొట్టు క్యూబిక్ మీటరు రెండొందల కిలోలు తూగడమే గగనం. గుళికలైతే సుమారు 650 కిలోలు. తేమ పది శాతం లోపే. కాబట్టి మర ఎన్ని చుట్లు తిరిగితే ఎంత వేడి వస్తుందో ముందే లెక్క కట్టొచ్చు. కంప్యూటర్‌కి అప్పజెప్పగలిగే మొదటి కట్టె ఇదే అన్నమాట.

అమెరికాలో దీని కథ 1973 చమురు సంక్షోభంతో మొదలవుతుంది. నూనె ధర పెరిగేసరికి కలప మిల్లుల దగ్గర గుట్టలు పడున్న పొట్టు మీద అందరి కన్నూ పడింది. 1980ల మొదట్లో బోయింగ్‌లో పనిచేసిన జెర్రీ విట్‌ఫీల్డ్ అనే ఇంజనీరు ఇళ్లు వెచ్చబెట్టుకునే పెల్లెట్ పొయ్యి తయారుచేశాడు. 1985లో ఒరెగాన్ రాష్ట్రంలోని మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్లో జో ట్రేగర్ అదే పద్ధతిని వంటకి తిప్పాడు, 1986లో పేటెంట్ వచ్చింది. ఆ పేటెంట్ 2006లో తీరిపోయింది. అక్కణ్ణుంచి తలా ఒక కంపెనీ, తలా ఒక మోడలు. ఇవాళ షాపులో ఇన్ని రకాలు మన మీద పడి గందరగోళపెట్టడానికి మూలం ఆ 2006.

మొదట్లో వాటికి ఫ్యాను రెగ్యులేటర్‌లాగా తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడే మెట్లు. తర్వాత డిజిటల్ కంట్రోలర్లు, ఆపైన పీఐడీలు వచ్చాయి. పీఐడీ సిద్ధాంతాన్ని 1922లో నికొలాస్ మినోర్‌స్కీ రాసింది ఓడల చుక్కాని తిప్పడం కోసం. ఓడ దారి తప్పకుండా ఉండటానికి పుట్టిన గణితం ఇప్పుడు కోడితొడ దగ్గర 225 డిగ్రీలు కాపలా కాస్తోంది. మన వృత్తివాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. ఫోన్‌లో గ్రాఫు అడ్డగీతలా కదలకుండా ఉంటే "ఆహా" అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని కొన్నాను. కానీ మాంసం ఎర్రబడటానికీ గ్రాఫు నిలకడకీ సంబంధం లేదు.

ఎరుపు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మాంసాన్ని ముందు పెద్దమంట మీద కాలిస్తే పైన పొర కట్టి లోపలి రసం బయటికి పోకుండా ఆపుతుందని చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. ఈ మాటకి బాగా ప్రచారం ఇచ్చింది జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్, 1847లో. పెద్దాయన చెప్పాడు కాబట్టి వంటపుస్తకాలన్నీ ఎత్తి రాసుకున్నాయి. 1984లో హెరాల్డ్ మెగీ తన పుస్తకంలో అది తప్పని తేల్చి చెప్పాడు. పొర ఏమీ కట్టదు, కాలిన ముక్క కూడా రసం కారుస్తూనే ఉంటుంది. పెనం మీద చుయ్యిమనే చప్పుడే దానికి సాక్ష్యం.

మరి ఎందుకు కాల్చాలి? రుచి కోసం. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ చెప్పిన చర్య అది. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి వందల కొద్దీ కొత్త పదార్థాలుగా మారతాయి. ఎర్రటి రంగు, కాలిన వాసన అవే. ఇది ఊపందుకోవాలంటే ఉపరితలం 140 సెల్సియస్ దాటాలి. తక్కువ వేడిలో కూడా జరుగుతుంది కానీ గంటలు పడుతుంది.

ఆ రెండో రకానికి మనింట్లోనే ఉదాహరణ ఉంది, దాలి. పిడకల నిప్పు మీద బూడిద కప్పి, పొద్దున పెట్టిన పాలకుండ సాయంత్రం దాకా కదపకుండా ఉంచితే పైన ఎర్రటి మీగడ కడుతుంది చూశారా, అదీ మయార్ చర్యే. పాలు మరగవు, పొంగవు, రోజంతా తీసుకుని ఎర్రబడతాయి. పెల్లెట్ గ్రిల్ స్వతహాగా దాలి. చాప్స్‌కి కావలసింది కొలిమి. నేను దాలి కొని కొలిమి పని చెయ్యమన్నాను.

లెక్క చూద్దాం. మాంసం పైన తడి ఉన్నంతసేపూ ఉపరితలం వంద సెల్సియస్ దాటదు. పైగా నీళ్లని సున్నా నుంచి వందకి వేడిచెయ్యడానికి ఎంత శక్తి కావాలో, ఆ వేడినీళ్లని ఆవిరి చెయ్యడానికి అంతకి ఐదు రెట్లు పైగా కావాలి. ఆ శక్తి గబగబా అందకపోతే పైన ఎండేలోపు లోపల ఉడికిపోతుంది. నా బూడిద రంగు చాప్స్ రహస్యం ఇదే.

శక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? నిప్పుల మీద కాల్చేటప్పుడు ఎక్కువభాగం కిరణాల రూపంలో వస్తుంది. అది కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఎర్రగా మండే బొగ్గులు 800 సెల్సియస్ అనుకుందాం, అంటే 1073 కెల్విన్. నా గ్రిల్ గోడలు మహా అయితే 500 ఫారెన్‌హీట్, అంటే 260 సెల్సియస్, 533 కెల్విన్. రెండిటి నిష్పత్తి సుమారు రెండు. రెండుని నాలుగుసార్లు గుణిస్తే పదహారు. అంటే అదే చాప్ మీద బొగ్గుల కుంపటి కురిపించే వేడి దీనికి పదహారు రెట్లు! డబ్బా మీద 500 అన్న అంకె అబద్ధం కాదు. నేను వెయ్యాల్సిన ప్రశ్న అది కాదు, అంతే.

మన దక్కనులో ఈ సంగతి అనుభవంతో తెలిసినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున ఉన్న మానసోల్లాసంలో మాంసం ముక్కల్ని చువ్వలకి గుచ్చి నిప్పుల మీద కాల్చే వంటలున్నాయి. మా ఊళ్లో కూడా ఏటని కోసిన రోజు తలకాయ, కాళ్లు కాల్చేది నేరుగా మంట మీదే. మధ్యలో రేకు అడ్డం పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

రాయి మీద కాల్చిన మాంసం

ఇక్కడ మా ఊరికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. హైవే మీద చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు వస్తుంటే మార్టూరు చుట్టుపక్కల కనపడేది గ్రానైట్. బల్లికురవ క్వారీల రాయి, మార్టూరు ఫ్యాక్టరీల్లో కోత, పాలిష్. ఇంకా కిందికి చీమకుర్తిలో దొరికే నల్లరాయి, చుక్కల ఆకాశంలా మెరిసే బ్లాక్ గెలాక్సీ, అమెరికాలో మనవాళ్ల కిచెన్లలో ఎన్నిచోట్ల కనపడుతుందో చెప్పక్కర్లేదు.

హైదరాబాదులో పత్థర్ కా గోష్త్ తిన్నారా? ఇటుకల మీద గ్రానైట్ పలక పెట్టి, కింద బొగ్గులు వేసి, రాయి బాగా కాలాక పలచటి మటన్ ముక్కలు దాని మీద పరుస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869-1911) వేటకి వెళ్లినప్పుడు చువ్వలు మర్చిపోతే వంటవాడు పక్కనున్న రాతినే కాల్చి దాని మీద వండాడని కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, వంటలో ఉన్న విజ్ఞానం మాత్రం నిజం. మందపాటి రాయి వేడిని దాచుకుంటుంది. ముక్క పడగానే గాలిలాగా చల్లబడిపోదు.

అయితే రాయి కంటే పోత ఇనుము గొప్పది. పదార్థాల గుణాలతో లెక్క కడితే, ఒకే వేడిలో ఉన్న ఇనుము గ్రానైట్ కంటే దాదాపు ఐదు రెట్లు చురుగ్గా వేడిని తడి ముక్కకి అందిస్తుంది. అందుకే పత్థర్ కా గోష్త్‌లో ముక్కలు పలచగా తరిగి, పచ్చి బొప్పాయి పట్టించి మెత్తబరుస్తారు. అంగుళంన్నర మందం చాప్‌ని రాయి మీద వేస్తే రాయి ఓడిపోతుంది. ఆ వంట కనిపెట్టినవాడికి సమీకరణాలు రాకపోవచ్చు, రాయి సంగతి మాత్రం పూర్తిగా తెలుసు.

ఒక హెచ్చరిక. ఇది చదివి ఇంట్లో మిగిలిపోయిన గ్రానైట్ ముక్క తెచ్చి నిప్పుల మీద పెట్టొద్దు. నాకూ ఆ ఆలోచన వచ్చింది, నాన్నే ఆపాడు. ఫ్యాక్టరీలో పాలిష్ చేసే పలకల్లో చాలావాటికి పగుళ్లు నింపడానికి రెజిన్ పట్టిస్తారు, కొన్నిటికి వెనక ఫైబర్ వల అతికిస్తారు. అది అంత వేడికి నిలిచేది కాదు, తిండిలో కలవాల్సింది అసలే కాదు. పైగా గ్రానైట్‌లోని క్వార్ట్జ్ 573 సెల్సియస్ దగ్గర ఉన్నట్టుండి ఉబ్బుతుంది. అంతకు ముందే ఒకవైపు వేడి ఒకవైపు చల్లన అయితే పలక ఫట్‌మని పగులుతుంది. మందుగుండు లేని రోజుల్లో మన దక్షిణాది రాళ్లుకొట్టేవాళ్లు బండ మీద కట్టెలు మండించి, ఈ గుణంతోనే పెద్దపెద్ద పలకల్ని ఊడదీసేవాళ్లు. 1895లో నేచర్ పత్రిక భారతదేశంలో గ్రానైట్ తవ్వే ఈ పద్ధతి గురించి అచ్చేసింది కూడా. "నిప్పుతో బండ పగలగొట్టిన ఊళ్లవాళ్లం, నిప్పు మీద పలక పెడతావా?" అన్నాడు నాన్న.

సర్కారు తుమ్మ సొంతూరు

ఒక శనివారం నాన్నని శాన్ ఆంటోనియో తీసుకెళ్తున్నా. దారిపక్కన ఒక చెట్టు చూసి కారు ఆపమన్నాడు. ముళ్లు, సన్నటి ఆకు, వేలాడే కాయలు. "ఇక్కడికి కూడా సర్కారు తుమ్మ వచ్చిందా?" అన్నాడు పాపం జాలిగా. అది మెస్కీట్. టెక్సాస్ దాని సొంతూరు. మన సర్కారు తుమ్మ దీనికి దగ్గరి చుట్టం. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖ వాళ్లు జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారు. వంటచెరకు కరువు తీరుతుందని వాళ్ల ఉద్దేశం. అది కరువూ తీర్చింది, చెరువులూ ఆక్రమించింది. నేను సంచి ఇరవై డాలర్లు పోసి కొంటున్న మెస్కీట్ గుళికలు ఏ చెట్టువో తెలిశాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మా చెరువు గట్టున ఆ కంప కొట్టించడానికి ఆయన ఎదురు డబ్బులిచ్చాడు మరి.

ఇంకో సంగతి. బార్బెక్యూ అన్న మాట కరీబియన్ దీవుల ఆదివాసుల మాట నుంచి వచ్చింది. కర్రల మంచె కట్టి, కింద సన్నటి మంట పెట్టి మాంసం ఆరబెట్టే పద్ధతిని స్పానిష్ వాళ్లు బార్బకోవా అని రాసుకున్నారు. 1492 తర్వాత కొలంబస్ వాళ్లు అదే సముద్రం నుంచి ఎగరేసుకుపోయిన వాటిలో మిరపకాయ ఒకటి. పోర్చుగీసు వాళ్ల ద్వారా పదహారో శతాబ్దంలో అది మనకి చేరింది, నాలుగొందల ఏళ్లలో గుంటూరు మిర్చియార్డు అయ్యింది. అంటే మా ఊరి పొలంలో మిరప, చెరువు గట్టున తుమ్మ, నా పెరట్లో గ్రిల్, మూడిటి మూలాలూ ఆ సముద్రం చుట్టుపక్కలే ఉన్నాయి. నేను అమెరికా వచ్చి పరాయి వంట నేర్చుకుంటున్నా అనుకున్నాను. అది మా ఊరికి ఎప్పుడో విడివిడి భాగాలుగా వచ్చి ఉంది.

పొగ గురించి ఒక మాట

ఇదంతా రాస్తూ పొగని మరీ పొగుడుతున్నానేమో అని అనుమానం వచ్చింది. మా నాయనమ్మ పత్తికట్టె, మిరపకట్టె, కందికట్టె మీద యాభై ఏళ్లు వండింది. మిరపకట్టె పొగ ఘాటు తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చివరి పదేళ్లూ దగ్గుతూనే ఉంది. సరిగ్గా మండని కట్టె పొగ ఊపిరితిత్తులకి ఏం చేస్తుందో ఇవాళ బోలెడు పరిశోధన ఉంది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద ఆడవాళ్ల పేరున గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినప్పుడు మా వీధిలో కట్టెల పొయ్యి వదిలిపెట్టడానికి ఒక్కరూ బాధపడలేదు. ఆవిడకి రోగమిచ్చిన పొగని నేను డబ్బులు పోసి కొనుక్కుని "ఫ్లేవర్" అంటున్నాను. తేడా ఏంటంటే నేను ఆరుబయట, వారానికోసారి, ఇష్టమై చేస్తున్నా. ఆవిడ కిటికీ లేని వంటింట్లో, రోజుకి మూడుసార్లు, తప్పక చేసింది. పాతకాలపు వంట రుచి గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా మర్చిపోకూడదు.

పత్తికట్టె అన్నాను కాబట్టి, ఇప్పుడు దాన్ని కూడా గుళికలు చేస్తున్నారు. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గుతో పాటు ఐదు శాతం ఇలాంటి గుళికలు కలిపి కాల్చాలని కేంద్రం 2021లో విధానం తెచ్చింది. మంచిదే. కానీ అవి బాయిలర్‌కి, తిండికి కాదు. 1987లో తెల్లదోమ వచ్చి ప్రకాశం, గుంటూరు పత్తిరైతుల్ని ఊడ్చేసినప్పుడు మందు మీద మందు ఎలా కొట్టారో చూసినవాళ్లెవరూ పత్తికట్టె పొగ మీద మాంసం కాల్చమని చెప్పరు. అమెరికాలో కూడా ఇల్లు వెచ్చబెట్టే గుళికలు వేరు, వంట గుళికలు వేరు. చవగ్గా వస్తున్నాయని మొదటివి కొనొద్దు.

ఇంతకీ ఏది కొనాలి?

మొదటిది, ఆ అడ్డం రేకు సంగతి అడగండి. మంటకుండ మీద రేకుని పక్కకి జరిపి మాంసానికి నేరుగా మంట తగిలేలా చేసే మోడళ్లు ఉన్నాయి. కాల్చడమే ముఖ్యమైతే అదొక్కటీ ఉంటే చాలు, మిగతా హంగులు లేకపోయినా ఫర్వాలేదు. కాకపోతే మంట తగిలేది మధ్యలో జానెడు జాగాలోనే. పదిమందికి ఒకేసారి కాల్చలేరు.

రెండోది, మూత మీద మీటరు అంకె చూడొద్దు. గాలి వేడి వేరు, కడ్డీల వేడి వేరు. ఫ్రెండ్ దగ్గర ఆ మోడల్ ఉంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టుకెళ్లి, అరగంట కాలనిచ్చి కడ్డీల మీద కొలవండి. కడ్డీలు 600 ఫారెన్‌హీట్ దాటితే కాలుస్తుంది. 450 దగ్గర ఆగితే అది బ్యారన్.

మూడోది, బరువు. పలచటి రేకు పెట్టె ఎంత పెద్దదైతే అంత దండగ. అదే మంటకుండతో పెద్ద గది వేడి చెయ్యాలి కదా. చిన్నదైనా మందంగా ఉన్నది తీసుకోండి. సన్నటి స్టీలు కడ్డీల బదులు పోత ఇనుము కడ్డీలు గానీ పలక గానీ దొరుకుతుందేమో చూడండి.

నాలుగోది, కొవ్వు ఎటు పోతుందో చూడండి. రేకు జరిపి కాల్చినప్పుడు కొవ్వు నేరుగా మంటలో పడుతుంది. అడుగున పాత కొవ్వు పేరుకుని ఉంటే మొత్తం అంటుకుంటుంది. శుభ్రం చెయ్యడం సులువా కాదా అన్నది మీటరు కంటే ముఖ్యం.

ఐదోది, ఇది కరెంటు లేకపోతే పనిచెయ్యదు. అమెరికాలో కొన్నది 110 వోల్టులది. ఇండియాకి తీసుకెళ్దామనుకునేవాళ్లు, మానుకోండి.

చివరిది, ఇప్పటికే నాలాగా బ్యారన్ కొనేసినవాళ్లకి. బాధపడక్కర్లేదు, అమ్మక్కర్లేదు. ముందు మాంసాన్ని ఉప్పు, కారం పట్టించి రాత్రంతా మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, పైన తడి ఆరుతుంది. గ్రిల్‌లో 225 దగ్గర పెట్టి లోపలి వేడి మీక్కావలసిన దానికి ఓ ఇరవై డిగ్రీల కింద ఉండగా తీసెయ్యండి. అప్పుడు బొగ్గుల మీద ఎర్రగా కాలిన ఇనప పెనం మీద వైపుకి ఒక నిమిషం. మొదట నిదానం, చివర్లో మంట. లోపలి వేడి అమెరికా ప్రభుత్వ లెక్కల్లో మటన్ ముక్కకి 145, కోడికి 165 ఫారెన్‌హీట్. ఎర్రబడగానే తీసెయ్యండి, నల్లబడితే చేదూ, ఆరోగ్యానికి చేటూ.

మా నాన్నకి ముక్కలో ఎర్రటి రసం కనపడితే ముద్ద దిగదు. అందుకని ఆయన చాప్స్ 160 దాకా తీసుకెళ్లాను. థర్మామీటరు గుచ్చి అంకె చూపిస్తే నవ్వాడు. బ్యారన్‌లో ఈనె ఎండే ఆఖరి మెట్టు అదే. తర్వాత పాతిక డాలర్ల పెనం, ఇరవై డాలర్ల కుంపటి మీద చుయ్యిమంటూ ఆఖరి పని అయింది. ఈసారి పైన చింతపిక్క రంగు వచ్చింది.

తిని, చెయ్యి కడుక్కుంటూ నాన్న అన్న మాట: "బ్యారన్ మంచిదేరా. దాని పక్కన పొయ్యి కూడా ఉండాలని నీకు ఎవరూ చెప్పలా."